కోపెనిక్ కెప్టెన్

పులితోలు కప్పుకొన్న గాడిద కథ చదువని తెలుగు విద్యార్థి ఉండడు. యజమాని దానిమీద పులితోలు కప్పి రాత్రివేళ పరుల పైరులోనికి తోలేవాడు. కాపులు నిజమైన పులియే అనుకొని దూరంగా తొలగిపోయేవారు. కొన్నాళ్ళకు అది ఓండ్రపెట్టి తన గుట్టు తానే బయటపెట్టుకొన్నది. ఆ కథలో వేషాన్ని పట్టియిచ్చినది గొంతు. కాని నోరు తెరచి ఆజ్ఞలమీద ఆజ్ఞలు జారీచేసినప్పటికీ ఎవరికీ పట్టుబడని వేషధారి ఒకడు ఆధునిక ఐరోపా చరిత్రలో ఉన్నాడు. అతని పేరు విల్హెల్మ్ ఫోక్ట్. వృత్తి బూట్లు కుట్టడం. వయస్సు 57 ఏండ్లు. యౌవనమూ, నడివయస్సూ చాలవరకు జైళ్ళలోనే గడిపినవాడు. 1906వ సంవత్సరం అక్టోబరు 16వ తేదీ మంగళవారంనాడు, కొన్ని గంటలపాటు, అతడు జర్మన్ చక్రవర్తి గార్డు సేనలో కెప్టెనుగా చలామణి అయినాడు.

లేని సైనిక హోదాను చెప్పుకొనేవారు, పొందని పతకాలను రొమ్మున తగిలించుకొనేవారు ప్రతిదేశంలోను కనిపిస్తూనే ఉంటారు. వారిలో చాలమంది పేర్లు పోలీసు కాగితాలలోనే మాసిపోయినవి. ఫోక్ట్ పేరు మాత్రం నిలిచిపోయినది. అందుకు అతని తెలివి ఒక్కటే కారణం కాదు. అతనిని నమ్మినవారు నమ్మిన తీరు అంతకంటె పెద్ద కారణం. అందువల్ల అతని జీవితకథ ఒక దొంగ కథగా మొదలై, ఒక దేశపు మనస్తత్వానికి అద్దంగా ముగుస్తుంది.

టిల్సిట్ నుండి జైలుకు

ఫోక్ట్ 1849 ఫిబ్రవరి 13న తూర్పు ప్రష్యాలోని టిల్సిట్ పట్టణంలో జన్మించినాడు. 1807లో నెపోలియనుకు, రష్యా చక్రవర్తి అలెగ్జాండరుకు సంధి కుదిరిన ఊరుగా చరిత్ర విద్యార్థులకు ఈ పేరు పరిచితమే. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ పట్టణం రష్యా పాలనలోనికి వచ్చి సోవెత్స్క్ అనే క్రొత్త పేరు పొందినది. ఫోక్ట్ తండ్రి బూట్లు కుట్టి సంసారం నడిపేవాడు. టిల్సిట్‌లో ఆశ్వికదళం ఒకటి విడిసి ఉండేది. ఠీవిగా నడిచే అధికారులు, వారిని చూడగానే కొయ్యబారినట్లు నిలిచే సిపాయిలు ఆ ఊరి వీధులలో నిత్యం కనిపించే దృశ్యం.

బాలుని చదువు ముందుకు సాగలేదు. 14వ ఏట దొంగతనం చేసి 14 రోజుల శిక్ష పొందినాడు. దానితో పాఠశాల తలుపు మూతపడినది. తండ్రివద్ద బూట్లపని నేర్చుకొన్నాడు గాని, చేతికి పని వచ్చినంత త్వరగా బుద్ధి కుదుటపడలేదు. 1864 మొదలు 1891 వరకు దొంగతనాలకు నాలుగుసార్లు, దొంగపత్రాలు సృష్టించినందుకు రెండుసార్లు న్యాయస్థానాలు అతనిని శిక్షించినవి. చివరిసారి చేసిన నేరం అన్నింటిలోను సాహసమైనది. పోజెన్ రాష్ట్రంలోని వోంగ్రోవిట్స్ అనే ఊరిలో కోర్టు ఖజానానే కొల్లగొట్టబోయి పట్టుబడినాడు. 15 ఏండ్ల కఠినశిక్ష పడినది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఫోక్ట్‌ను అన్యాయానికి బలియైన అమాయకునిగా చిత్రించేవారు ఉన్నారు. అతడు అమాయకుడు కాడు. అతడు చేసిన దొంగతనాలు నిజమైనవి, దొంగపత్రాలూ నిజమైనవి. కాని శిక్షలు ముగిసిన తరువాత అతనికి జరిగినదీ అంత నిజమే. ఈ రెండింటిలో ఒకదానిని మరచినా కథ వంకరపోతుంది.

కాగితము లేనివాడు

1906 ఫిబ్రవరిలో శిక్షాకాలం ముగించుకొని ఫోక్ట్ బయటికి వచ్చినాడు. బాల్టిక్ సముద్రతీరాన ఉన్న విస్మార్ పట్టణానికి చేరి, ఒక పేరుపొందిన బూట్లవ్యాపారివద్ద పనికి కుదిరినాడు. యజమాని ఆదరించినాడు. పనివాడు నెమ్మదస్తుడని, చేతిలో నేర్పు ఉన్నదని సంతోషించినాడు. ముసలితనానికి ఒక ఆసరా దొరికినట్లే కనిపించినది. ఇంతలో పోలీసులు రంగంలో దిగినారు. ఇతడు పాతనేరస్థుడు గనుక తమ రాజ్యంలో ఉండరాదని ఉత్తరువు ఇచ్చినారు. పని పోయినది, గది పోయినది, ఊరూ పోయినది.

అప్పటి జర్మనీలో ఏ ఊరిలో నివసించేవారైనా ఆ ఊరి పోలీసువద్ద పేరు నమోదు చేయించుకోవాలి. జైలునుండి వచ్చినవాడు పేరు నమోదు చేయించుకొన్న మరుక్షణం అతని పూర్వచరిత్ర అంతా అధికారుల బల్లమీదికి వచ్చేది. ఊరిలో ఉండనీయడమో, వెళ్ళగొట్టడమో వారి యిష్టం. నమోదు కాకుండా ఉంటే ఉద్యోగం దొరకదు. నమోదు చేయించుకొంటే ఉన్న ఉద్యోగమూ పోతుంది. ముందు గొయ్యి, వెనుక నుయ్యి అంటే ఇదే.

విస్మార్ నుండి ఫోక్ట్ బెర్లిన్ పొలిమేరలోని రిక్స్‌డోర్ఫ్‌లో ఉన్న తన సోదరి ఇల్లు చేరినాడు. ఒక బూట్ల కర్మాగారంలో పని సంపాదించినాడు. అక్కడా కథ మారలేదు. 1906 ఆగస్టు 24న బెర్లిన్ పోలీసులు అతనిని నగరమునుండి బహిష్కరించినారు. హాంబర్గ్ వెళుతున్నానని చెప్పి, ఎక్కడికీ పోకుండా, పేరు నమోదు లేకుండా బెర్లిన్‌లోనే ఒక మూల తలదాచుకొన్నాడు. ఆరు నెలలలో రెండుచోట్ల పని దొరికినది, రెండుచోట్లా ఉత్తరువు వచ్చి పని పోగొట్టినది. చట్టం దృష్టిలో ఇప్పుడు అతడు ఆ నగరంలో లేనివాడే.

లేనివాడు ఉన్నవాడుగా కనిపించడానికి ఒకే మార్గం తోచినది. అది దుస్తులు మార్చడం.

ప్రష్యాలో సైనికదుస్తుల విలువ

ఈ మార్గం ఎందుకు తోచినదో తెలియాలంటే ఆనాటి ప్రష్యాను కొంత తెలుసుకోవాలి. 1864లో డెన్మార్కుపైన, 1866లో ఆస్ట్రియాపైన, 1870-71లో ఫ్రాన్సుపైన వరుసగా పొందిన విజయాలతో ప్రష్యా సైన్యం జర్మన్ సామ్రాజ్యాన్ని నిర్మించినది. తమ దేశాన్ని దేశంగా చేసినది సైన్యమేనన్న భావం ప్రజలలో నాటుకొన్నది. చక్రవర్తి రెండవ విల్హెల్మ్ సైనికదుస్తులలో తప్ప ప్రజలకు కనిపించడం అరుదు. వకీళ్ళు, ఉపాధ్యాయులు, పురపాలకులు మొదలైన పౌరవృత్తులవారు సైతం రిజర్వు అధికారి హోదా సంపాదించుకోవడం జీవితంలో ఒక పెద్ద గౌరవంగా భావించేవారు. సిపాయికి శిక్షణలో మొదట నేర్పేది ఆజ్ఞాపాలన. ఆజ్ఞ ఇచ్చేవాడెవడని అడగడం అతని పాఠాలలో లేదు. భుజంమీది చిహ్నం చూస్తే చాలును.

ఫోక్ట్ పాతబట్టల దుకాణాలు తిరిగి, ఒకచోట కోటు, ఒకచోట మరొక భాగం కొని, మొదటి పదాతి గార్డు దళపు కెప్టెను దుస్తులు పూర్తిచేసినాడు. అతడు ఎన్నుకొన్న దళం సామాన్యమైనది కాదు. ప్రష్యా రాజకుమారులు బాల్యంలోనే పేరు నమోదు చేయించుకొనే దళం అది. అయినప్పటికీ వేషంలో లోపాలు లేకపోలేదు. ఆ సందర్భంలో అధికారి శిరస్త్రాణం ధరించి రావలసి ఉండగా, ఇతని తలమీద మామూలు టోపీ మాత్రమే ఉన్నది. వయస్సు చూచినా కెప్టెను హోదాకు మించిపోయినది. ఈ లోపాలు ఆ దినమంతా ఎందరి కళ్ళ యెదుటనో ఉన్నవి. వాటిమీద ఎవరి చూపూ నిలువలేదు.

అక్టోబరు 16

ఆ మంగళవారం మధ్యాహ్నం కాపలా మారే వేళకు ఫోక్ట్ బెర్లిన్ పశ్చిమభాగంలోని ప్లొట్సెన్‌సే వద్ద కాచుకొని ఉన్నాడు. సైనికుల ఈతకొలను నుండి కొందరు సిపాయిలు కాపలా ముగించుకొని వస్తున్నారు. కెప్టెను వారిని ఆపినాడు. చక్రవర్తి ఆజ్ఞమీద వారు తన వెంట రావాలన్నాడు. వారు మారుమాట లేకుండా వరుసలో నిలిచినారు. సమీపంలోని తుపాకి శిక్షణస్థలమునుండి మరికొందరు వచ్చి చేరినారు. మొత్తంమీద సుమారు పదిమంది. రైలెక్కి అందరూ కోపెనిక్‌కు ప్రయాణమైనారు. దిగిన తరువాత ఒక్కొక్కరికి ఒక మార్కు ఇచ్చి స్టేషనులో భోజనం చేయించినాడు. ఆ ఖర్చు అతడు తన జేబునుండి పెట్టుకొన్నాడు. అంత దయగల అధికారిని శంకించడానికి సిపాయిలకు కారణం కనిపించలేదు.

కోపెనిక్ బెర్లిన్‌కు ఆగ్నేయంగా నదీతీరాన ఉన్న పట్టణం. 1920లో మహానగరంలో కలిసిపోయినది గాని, ఆనాడు దానికి ప్రత్యేక పురపాలన ఉండేది. ఎర్ర ఇటుకలతో ఎత్తైన గోపురంతో కట్టిన పురపాలక భవనం నిర్మాణం పూర్తి అయి అప్పటికి ఏడాది మాత్రమే. బయొనెట్లు తగిలించిన సిపాయిలతో కెప్టెను ఆ భవనంలో ప్రవేశించి, ద్వారాలన్నింటివద్ద కాపలా పెట్టించినాడు. గదులలోని ఉద్యోగులు కదలరాదని ఆజ్ఞ. అక్కడ విధిలో ఉన్న పోలీసులకు బయట గుమిగూడే జనాన్ని అదుపులో ఉంచమని ఆజ్ఞ. తపాలా కార్యాలయంనుండి బెర్లిన్‌కు టెలిఫోను మాటలు ఒక గంటసేపు సాగరాదని ఆజ్ఞ. అన్నీ జరిగిపోయినవి.

తరువాత మేయరు గదిలో అడుగుపెట్టినాడు. మేయరు గెయోర్గ్ లాంగర్‌హాన్స్ న్యాయశాస్త్రం చదువుకొన్నవాడు. రిజర్వు సైన్యంలో అధికారి కూడా. లెక్కలలో మోసం జరిగినదన్న నేరంమీద అతనిని నిర్బంధిస్తున్నట్లు కెప్టెను చెప్పినాడు. ఇక్కడ మనం ఆగి గమనించవలసిన క్షణం ఒకటి ఉన్నది. మేయరు అడుగవలసిన ప్రశ్న అడిగినాడు. నిర్బంధించడానికి అధికారపత్రమేదని ప్రశ్నించినాడు. కెప్టెను కాగితమేదీ చూపలేదు. సిపాయిల బయొనెట్లనే చూపినాడు. మేయరు అంతటితో మౌనం వహించినాడు. ఆ దినమంతటిలో వేషం తొలగిపోగల సమయమేదైనా ఉంటే అది అదే. ప్రశ్న అయితే వచ్చినది, జవాబు రాకుండానే వెనుదిరిగినది.

ఖజానా అధికారిని పిలిపించి లెక్క సరిచూడవలసినదని చెప్పి, పెట్టెలోని సొమ్ము స్వాధీనం చేసుకొన్నాడు. అది మూడున్నర వేల మార్కులకు పైబడి ఉన్నది. దానికి రసీదు కూడా వ్రాసియిచ్చినాడు. సంతకం మాత్రం వేరొక పేరు. ఆపైన మేయరును, ఖజానా అధికారిని గుర్రపుబండ్లలో ఎక్కించి, కొందరు సిపాయిల కాపలాతో బెర్లిన్ నడిబొడ్డున ఉన్న నూతన కావలిశాలకు పంపించినాడు. మిగిలిన సిపాయిలను మరి అరగంట భవనాన్ని కాచి తరువాత తమ స్థానాలకు వెళ్ళవలసినదని ఆదేశించి, తాను తీరికగా స్టేషనుకు నడచిపోయి రైలెక్కినాడు. కొంతసేపటికి కెప్టెను అదృశ్యమైనాడు. పౌరదుస్తులు ధరించిన ఒక ముసలివాడు బెర్లిన్ జనంలో కలిసిపోయినాడు.

కావలిశాలలో ఖైదీలు దిగిన తరువాత సంగతి బయటపడినది. వారిని నిర్బంధించమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అటువంటి కెప్టెను ఎవడూ లేడు.

నవ్విన ప్రపంచం, పట్టియిచ్చిన తోటి ఖైదీ

మరునాటి పత్రికలతో దేశమంతా నవ్వినది. దేశం వెలుపల ఇంకా బిగ్గరగా నవ్వినారు. ప్రష్యా క్రమశిక్షణను చూచి భయపడే పొరుగుదేశాలకు ఆ క్రమశిక్షణ లోగుట్టు ఒక బూట్లు కుట్టేవాడు విప్పిచూపినట్లయినది. చక్రవర్తి సైతం విని నవ్వుకొన్నాడని చెప్పుకొనేవారు. నవ్వు ఒకప్రక్క సాగుతుండగా పోలీసులు బహుమానం ప్రకటించి వెదకసాగినారు.

అతడు పట్టుబడిన తీరు గమనింపదగినది. సైనికదుస్తులు కొన్నచోట ఎవరూ శంకించలేదు. సిపాయిలు శంకించలేదు. పురపాలక ఉద్యోగులు శంకించలేదు. చివరకు అతనిని బయటపెట్టినవాడు మునుపు జైలులో అతనితో కలిసి శిక్ష అనుభవించిన ఒక ఖైదీ. ఇటువంటి పన్నాగం గురించి ఫోక్ట్ జైలులో ఉన్నప్పుడే అతనితో ముచ్చటించినాడట. ఆ ఖైదీకి కోటుతో పరిచయం లేదు. లోపలి మనిషితో పరిచయం ఉన్నది. అక్టోబరు 26న పోలీసులు ఫోక్ట్‌ను నిర్బంధించినారు.

1906 డిసెంబరు 1న బెర్లిన్ న్యాయస్థానం అతనికి 4 ఏండ్ల కారాగారశిక్ష విధించినది. అర్హత లేకుండా సైనికదుస్తులు ధరించడం, ఇతరులను అక్రమంగా నిర్బంధించడం, మోసం, దొంగసంతకం మొదలైనవి నేరారోపణలు. తనకు కావలసినది డబ్బు కాదని, ఎక్కడనైనా బ్రతుకుటకు పనికివచ్చే పాస్‌పోర్టు సంపాదించుకొనడానికే ఇంత సాహసం చేసినానని ఫోక్ట్ చెప్పుకొన్నాడు. ఈ మాట విన్నవారి మనస్సులు కరిగినవి. కాని కోపెనిక్ భవనంలో పాస్‌పోర్టులు ఇచ్చే కార్యాలయమే లేదు. ఖజానాలో పెద్దమొత్తం ఉంటుందన్న ఆశతోనే పోయినాడని చాలమంది అభిప్రాయం. అతని పూర్వచరిత్ర చూస్తే ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చడం కష్టం. పోలీసుల బహిష్కరణ ఉత్తరువులు చూస్తే అతని మాటనూ పూర్తిగా త్రోసిపుచ్చలేము. ఆకలిగొన్నవాడు అన్నము దొంగిలించినాడా, డబ్బు దొంగిలించినాడా అని తర్కించేముందు, అతనికి పని ఎందుకు లేకపోయినదని అడగడం న్యాయం. ఆనాటి పత్రికలలో కొన్ని ఆ ప్రశ్న అడిగినవి.

పగటివేషం

శిక్ష పూర్తికాకుండానే 1908 ఆగస్టు 16న చక్రవర్తి అతనికి క్షమాభిక్ష ప్రసాదించినాడు. ఫోక్ట్ జైలు వెలుపలికి వచ్చేసరికి అతడు దేశమంతటా ప్రసిద్ధుడు. ఫోనోగ్రాఫు కంపెనీవారు అతని కంఠం రికార్డు చేసుకొన్నారు. బెర్లిన్ మైనపుబొమ్మల ప్రదర్శనశాలలో అతని బొమ్మ నిలిచినది. దాని ప్రక్కన తాను స్వయంగా నిలిచి జనానికి కనిపించినాడు. కెప్టెను వేషంలో ఉన్న తన ఛాయాచిత్రాలపై సంతకాలు చేసి అమ్మినాడు. అనేక నగరాలు తిరిగినాడు. 1909లో లైప్జిగ్ నగరంలో అతని ఆత్మకథ వెలువడినది.

మన పల్లెలలో పగటివేషగాళ్ళు వచ్చేవారు. ఒకనాడు అమీనుగా, ఒకనాడు బైరాగిగా ఊరివారిని భ్రమింపజేసి, చివరిదినాన ఇంటింటికి వచ్చి తమ వేషం తామే చెప్పుకొని సంభావన పుచ్చుకొనేవారు. ఊరివారు నవ్వుతూ ఇచ్చేవారు. నష్టపోయినవాడెవడూ ఉండేవాడు కాదు. ఫోక్ట్ ఈ వరుసను తారుమారు చేసినాడు. ముందు ఖజానా కాజేసి, శిక్ష అనుభవించి, ఆపైన వేషం ప్రదర్శించి సంభావనలు పుచ్చుకొన్నాడు. నేరం చేసిన చేతితోనే ఛాయాచిత్రంమీద సంతకం చేయడం చూచి నొచ్చుకొన్నవారు ఉన్నారు. ఆ నొప్పి సహేతుకమైనదే. ఒక బీదవాని కష్టం ఎవరికీ వినిపించని చోట, అతని మోసం మాత్రం టిక్కెట్టుపెట్టి చూడదగిన వినోదమైనది.

1910లో ఫోక్ట్ జర్మనీ విడిచి లక్సెంబర్గ్ అనే చిన్న దేశం చేరినాడు. అక్కడ అతనికి గుర్తింపుపత్రం లభించినది. బూట్లు కుట్టుకొంటూ, ప్రదర్శనలవల్ల వచ్చిన డబ్బుతో ఇల్లు కూడా సంపాదించుకొని స్థిరపడినాడు. తన మాతృదేశంలో ఏ కాగితం కొరకు అంత ఆర్భాటం చేసినానని చెప్పుకొన్నాడో, ఆ కాగితం వంటిది పరదేశంలో ఏ వేషమూ లేకుండానే దొరికినది. కాని ఆ నెమ్మది కలకాలం నిలువలేదు. 1914లో జర్మన్ సైన్యాలు లక్సెంబర్గ్‌ను ఆక్రమించినవి. యుద్ధము, దాని తరువాత వచ్చిన ద్రవ్యోల్బణము కూడబెట్టినదంతా హరించివేసినవి. 1922 జనవరి 3న, 72వ ఏట, పేదవాడుగానే కన్నుమూసినాడు. శవయాత్ర సాగుతుండగా ఎదురైన ఫ్రెంచి సిపాయిలు, పోయినవాడు కెప్టెనని విని వందనం చేసినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది జరిగినదో లేదో గాని, జరిగినదని నమ్మడానికి ప్రజలకు ఇష్టం.

నాటకము, నిజమైన పతకము

ఫోక్ట్ కథను ప్రపంచ సాహిత్యంలో నిలిపినవాడు కార్ల్ సుక్మాయర్ అనే జర్మన్ నాటకకర్త. కోపెనిక్ కెప్టెన్ అనే అతని నాటకం 1931లో బెర్లిన్‌లో మొదట ప్రదర్శింపబడినది. కాగితం లేక పని దొరకని, పని లేక కాగితం దొరకని మనిషి వేదనను సుక్మాయర్ దానిలో ప్రధానం చేసినాడు. చరిత్రలోని ఫోక్ట్ కంటె నాటకంలోని ఫోక్ట్ ఎక్కువ మంచివాడు. అది నాటకకర్త స్వాతంత్ర్యం. సైనికదుస్తులను మళ్ళీ ఆరాధించనారంభించిన ఆ రోజులలో ఆ నాటకం ఒక హెచ్చరిక. రెండేండ్లు గడిచేసరికి హిట్లరు అధికారంలోనికి వచ్చినాడు. సుక్మాయర్ రచనలు నిషేధింపబడినవి. అతడు దేశం విడువవలసి వచ్చినది.

ఇక్కడ ఒక విశేషం చెప్పక తప్పదు. సుక్మాయర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగాన పోరాడినవాడు. యుద్ధభూమిలో చూపిన ధైర్యానికి ఇనుపశిలువ పతకం పొందినవాడు. నిజమైన పతకం గలవాడు నకిలీ కెప్టెను కథ వ్రాసినాడు. సైన్యాన్ని ఎగతాళి చేయడానికి కాదు, చొక్కాకు మ్రొక్కే అలవాటును చూపడానికి. నిజంగా పోరాడినవానికి పతకం విలువ ఎంతో తెలుసు. అందువల్లనే, దానిని చూచి బుద్ధి కట్టిపెట్టుకొనేవారిని చూస్తే అతనికి భయం కూడా తెలుసు.

బయటపెట్టడం ఎట్లు?

నకిలీ హోదాలు ఫోక్ట్‌తో ఆగిపోలేదు. అమెరికాలో చేయని యుద్ధాలు చెప్పుకొంటూ, పొందని పతకాలు ధరించేవారి బెడద ఎక్కువై, అటువంటి అబద్ధమాడడమే నేరంగా ఒక చట్టం చేసినారు. 2012లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినది. అబద్ధం నీచమైనదే అయినా, ఉత్త అబద్ధానికి శిక్ష వేయడం వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పు. 2013లో మరొక చట్టం వచ్చినది. పతకం పొందినానని అబద్ధమాడి డబ్బో, ఆస్తియో, మరేదైన లాభమో పొందజూచినవాడు దాని ప్రకారం శిక్షార్హుడు. మనదేశంలో 1860నాటి శిక్షాస్మృతిలోని 140వ విభాగం, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 168వ విభాగం, సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించడానికి ఆ దుస్తులు ధరించడాన్ని నేరంగా పరిగణిస్తున్నవి.

చట్టాలు ఉండవలసినవే. నకిలీ పతకం వల్ల నష్టపోయేది మోసపోయిన షావుకారు ఒక్కడే కాదు. ఆ పతకం కొరకు కాలో చేయో పోగొట్టుకొన్నవాడు, ఆ పతకాన్ని కొడుకు గుర్తుగా పెట్టెలో దాచుకొన్న తల్లి, వీరందరి గౌరవమూ కొంత తరిగిపోతుంది. ఒక నకిలీవాడు బయటపడినప్పుడల్లా నిజమైనవానిని కూడా లోకం అనుమానంగా చూస్తుంది. అందుచేత నకిలీని బయటపెట్టేపని కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకొని చేయవలసినదే. వీధిలో ఎవరినో చూచి వేషం సరిగా లేదని కేకలువేసి అవమానించడం సరియైన మార్గం కాదు. వృద్ధుడైన నిజసైనికుడు తన పతకాలను వరుస తప్పి ధరించి ఉండవచ్చు. సైన్యంలో ప్రతి నియామకానికి, ప్రతి పతకానికి రికార్డు ఉంటుంది. దళం పేరేమిటి, ఏ సంవత్సరం, ఎక్కడ పనిచేసినారని మర్యాదగా అడగడం, చెప్పినదానిని రికార్డుతో సరిచూడడం, ఇవే సాధనాలు. నిజమైనవాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

కోపెనిక్‌లో లోపించినది ఇదే. లాంగర్‌హాన్స్ ప్రశ్న అడిగినాడు గాని జవాబు వచ్చేవరకు నిలువలేదు. అందుకు అతనిని ఎగతాళి చేయడం సులభం. కాని ఎదురుగా బయొనెట్లు, చిన్ననాటినుండి నేర్చిన భయభక్తులు ఉన్నప్పుడు ఆ గదిలో మనమే ఉంటే ఎంతసేపు నిలువగలిగేవారమో ఆలోచించుకోవాలి. అదే రాజ్యం విస్మార్‌లోను, రిక్స్‌డోర్ఫ్‌లోను కూలిచేసుకొని బ్రతకబోయిన ముసలివానిని కాగితాలు అడిగి అడిగి తరిమినది. అతడే కెప్టెను కోటు వేసుకొని వస్తే పురపాలక ఖజానాను అప్పగించినది. బలహీనునివద్ద కాగితం అడగడం దానికి వచ్చును; బలవంతునివద్ద అడగడం రాదు. ఫోక్ట్ చేసిన నేరాన్ని మన్నించనక్కరలేదు, కాని అతడు చూపిన ఈ లోపాన్ని మరువరాదు.

జర్మన్ భాషలో కోపెనికియాడ అనే క్రొత్తమాట అతని వల్లనే పుట్టినది. దుస్తుల దర్పంతో అధికారులను మోసగించడం దాని అర్థం. 1996లో కోపెనిక్ పురపాలక భవనం మెట్లవద్ద కెప్టెను వేషంలో ఉన్న ఫోక్ట్ కంచువిగ్రహం ప్రతిష్ఠించినారు. తమను మోసగించినవానికి తమ గుమ్మంలోనే విగ్రహం నిలిపిన పట్టణం మరొకటి ఉండడం అరుదు. తమ పొరపాటును దాచుకోకుండా పిల్లలకు కనిపించేచోట ఉంచుకొన్నందుకు ఆ పట్టణాన్ని మెచ్చుకోవలసినదే. తరగతిలో ఈ కథ చెప్పే ఉపాధ్యాయులు కెప్టెను సాహసంతో ఆపక, మేయరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నవద్ద కొంతసేపు నిలువగలిగితే, ఆ తరువాత ఏం అడిగి ఉండవలసినదో విద్యార్థులే చెప్పగలరు.